గెలిచినోడు మళ్ళీ ఎందుకు దిగాలి?

పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్ళకి "నూరా కుస్తీ" అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఇద్దరు పహిల్వాన్లు ముందే మాట్లాడుకుని, బరిలోకి దిగి, కాసేపు చెమటలు కక్కి, చివరికి అనుకున్నట్టే ముగించే కుస్తీ. ఇద్దరు నాయకులు పొద్దున అసెంబ్లీలో కొట్టుకున్నంత పని చేసి, సాయంత్రం ఏదో పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని బిర్యానీ తింటే మా అలియాబాద్ హోటళ్ళలో ఇప్పటికీ ఇదే మాట వాడతారు. అయితే దీనికి సరిగ్గా ఎదురు జబ్బు ఇంకోటుంది, దానికి మాత్రం మన దగ్గర పేరు లేదు. అందరూ చూడాలనుకునే నిజమైన కుస్తీ అసలు జరక్కుండానే పోవడం. ఒకసారి గెలిచినవాడు అదే మనిషితో రెండోసారి బరిలోకి దిగకపోవడం.

బాక్సింగ్ అభిమానులు దీన్ని భయం అంటారు. నేనూ కొన్నేళ్ళు అలాగే అన్నాను, ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర గంటలు గంటలు వాదించాను కూడా. చదివేకొద్దీ నాకు అర్థమైంది వేరు. దీంట్లో భయం పాలు తక్కువ, లెక్క పాలు ఎక్కువ. ఇంకా సూటిగా చెప్పాలంటే, గెలిచినవాడి నెత్తిమీద ఎవరైనా ఉన్నారా లేరా అన్నదే అసలు ప్రశ్న.

ముందు మన వైపు పద్ధతి చూద్దాం. "తాలీం" అంటే ఉర్దూలో చదువు. హైదరాబాదులో మాత్రం తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. గోడ మీద గదలు, మూలన ముద్గరాలు, మధ్యలో తవ్వి మెత్తగా చేసిన ఎర్రమట్టి. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బర్కాస్, నిజాముల కాలంలో అరబ్బు సైనికులు ఉన్న బారక్సు. పేరు నోట్లో నలిగి బర్కాస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన ఆ కుటుంబాల్లో పహిల్వానీ మోజు ఈనాటికీ పోలేదు. ఇటు ధూల్‌పేట, కార్వాన్ వైపు హిందువుల తాలీంలు. దంగల్ అంటే అందరూ ఒకే బరి చుట్టూ చేరేవాళ్ళు.

దంగల్లో అసలు పని కుస్తీ కంటే ముందే జరుగుతుంది. దాన్ని "జోడ్" కట్టడం అంటారు. ఎవరికి ఎవరు సరిజోడో ఉస్తాదులు, దంగల్ పెట్టినవాళ్ళు కూర్చుని తేలుస్తారు. కుర్రాళ్ళ కుస్తీలకి పెద్ద గొడవేం ఉండదు, పక్కపక్కన నిలబెట్టి కంటితో చూసి కట్టేస్తారు. పేరున్న పహిల్వాన్ల దగ్గరికొచ్చేసరికే తకరారు. చిన్నప్పుడు మా గల్లీలో ఒక ముసలి ఉస్తాద్ ఉండేవాడు, మోకాళ్ళు పోయి ఎప్పుడూ నులక మంచం మీదే కూర్చునేవాడు. ఆయన లెక్క ప్రకారం పెద్ద పహిల్వాన్‌కి గెలుపు కంటే "బరాబర్" లాభం. బరాబర్ అంటే ఎవరూ చిత్ కాకుండా విడిపోవడం. ఇనాం సగం సగం పంచుకుంటారు, ఇద్దరి పేర్లూ నిలుస్తాయి, వచ్చే ఏడు మళ్ళీ ఇదే జోడ్‌కి జనం వస్తారు. నిజంగా గెలిస్తే? ఓడినవాడు మళ్ళీ అడుగుతాడు. గెలిచినవాడికి ఇక అందులో మిగిలింది పోగొట్టుకోవడమే.

మరి పాతకాలంలో రీమ్యాచ్‌లు ఎలా జరిగేవి? రాజు చెప్పేవాడు కాబట్టి. పహిల్వాన్ తినే పాలు, బాదంపప్పు, మాంసం సంస్థానం ఖర్చు. ఇంతింత తిండి సొంత డబ్బుతో తినడం ఎవరివల్లా కాదు. పోషించేవాడు "దిగు" అంటే దిగాల్సిందే, పరువు లెక్కలు తర్వాత.

దీనికి గామా పహిల్వాన్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. గామా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఆయన కాలంలో హిందుస్థాన్‌లో ఆయనకి సరిజోడు రహీం బక్ష్ సుల్తానీవాలా ఒక్కడే, ఏడడుగులకి కొంచెం తక్కువ మనిషి. వాళ్ళిద్దరూ పలుమార్లు పట్టినా తేలలేదు, బరాబర్. అయినా సంస్థానాలు వాళ్ళని వదల్లేదు, మళ్ళీ మళ్ళీ దింపాయి, చివరికి అలహాబాదులో గామాదే పైచేయి అయింది. ఇక్కడ ఇద్దరిలో ఎవరూ మూటాముల్లె సర్దుకుని పోయే వీల్లేదు.

ఇప్పుడు అదే గామా లండన్ వెళ్ళాడు, 1910లో. అక్కడ రాజుల్లేరు, ప్రమోటర్లున్నారు. బెంజమిన్ అనే ప్రమోటర్ తీసుకెళ్ళాడు, ఖర్చు ఒక బెంగాలీ ధనవంతుడిది. పొట్టివాడని ముందు అక్కడ ఎవరూ లెక్కచేయలేదు. దాంతో ఎవరొచ్చినా సరే అంటూ బహిరంగ సవాలు వేశారు. అప్పటి పెద్ద పేర్లు ఫ్రాంక్ గాచ్, హాకెన్‌ష్మిట్ పలకలేదు. నన్నడిగితే వాళ్ళని పిరికివాళ్ళనలేం. ముక్కూమొహం తెలియని హిందుస్థానీ మీద గెలిస్తే వచ్చేదేం లేదు, ఓడితే మాత్రం పోయేది జీవితకాలం సంపాదన. ఇలాంటి బేరం మనలో ఎవరైనా చేస్తామా?

చివరికి పోలండ్‌కి చెందిన స్టానిస్లాస్ జ్బిస్కో వచ్చాడు. 1910 సెప్టెంబర్ 10న కుస్తీ. మొదటి నిమిషాల్లోనే గామా అతన్ని కింద పడేశాడు. ఆ తర్వాత జ్బిస్కో చేసిన పని చరిత్రలో నిలిచిపోయింది: బోర్లా పడుకుని చాపని కరుచుకున్నాడు, రెండున్నర గంటలకి పైగా! అంత బరువున్న మనిషిని వెల్లకిలా తిప్పడం గామా వల్ల కాలేదు. డ్రా అన్నారు. వారం తర్వాత, సెప్టెంబర్ 17న, మళ్ళీ పట్టాలి. గామా వచ్చాడు, జనం వచ్చారు, జ్బిస్కో రాలేదు. బెల్టు, పందెం డబ్బు 250 పౌండ్లు గామాకిచ్చి పంపేశారు. రానందుకు జ్బిస్కోకి జరిగిన నష్టం ఏమన్నా ఉందా అంటే, పెద్దగా లేదు. తర్వాత అమెరికా వెళ్ళి 1920ల్లో ప్రపంచ టైటిల్ కూడా కొట్టాడు.

వాళ్ళ రీమ్యాచ్ జరిగింది. ఎప్పుడో తెలుసా? 1928 జనవరిలో, పటియాలాలో. పదిహేడేళ్ళ తర్వాత! ఇద్దరూ యాభైకి దగ్గర పడ్డారు. పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ డబ్బు పెట్టి, బరి కట్టించి, జ్బిస్కోని సముద్రాలు దాటించి రప్పించాడు. నిమిషం కూడా పట్టలేదు, జ్బిస్కో చిత్. లండన్‌లో వారంలో జరగాల్సిన పని ఒక మహారాజు దొరికేదాకా పదిహేడేళ్ళు ఆగింది. నాకు ఈ కథలో గామా బలం కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

సంస్థానాలు పోయాక మన దగ్గర ఏమైందో కూడా చెప్పుకోవాలి. దారాసింగ్, కింగ్‌కాంగ్ కాలం వచ్చింది. టిక్కెట్లు, పోస్టర్లు, ఊరూరా స్టేడియాలు. ఫ్రీస్టైల్ ముందే కూర్చిన ఆట అని ఇప్పుడు అందరికీ తెలిసిందే. విచిత్రం ఏంటంటే అక్కడ రీమ్యాచ్‌లకి కరువే లేదు! ఈ ఊళ్ళో ఓడినవాడు పై ఊళ్ళో సవాలు విసిరేవాడు, ఆ పై ఊళ్ళో ప్రతీకారం. ఫలితం చేతిలో ఉన్నప్పుడు మళ్ళీ దిగడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా :) నూరా కుస్తీకి రోజూ జోడ్ దొరుకుతుంది, నికార్సైన కుస్తీకే దొరకదు. పాతబస్తీ తాలీంలు మాత్రం పోషించే చేతులు లేక చిక్కిపోయాయి. కొన్ని జిమ్ములయ్యాయి. పహిల్వాన్ అన్న మాటకే భూముల సెటిల్మెంట్ల వాసన అంటుకుంది. ఆ ముసలి ఉస్తాద్‌కి ఈ చివరిదే ఎక్కువ బాధ.

ఇక బాక్సింగ్. ఇది మొత్తం లండన్ దారే, రాజుల్లేని దారి. ప్రమోటర్, టీవీ కంపెనీ, లాయర్. అక్కడ రాజాజ్ఞకి బదులు కాగితం మీద ఒక నిబంధన ఉంటుంది: "నేను ఓడితే నాకు ఇంకో అవకాశం ఇవ్వాలి". ఇది రాయించుకునే బలం సాధారణంగా ఛాంపియన్‌కే ఉంటుంది. పైకి ఎక్కేవాడికి ఉండదు.

లెనాక్స్ లూయిస్‌ని చూడండి, ఒక్క మనిషిలోనే రెండు వైపులూ కనబడతాయి. 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో హసీం రెహమాన్ అయిదో రౌండ్లో ఒక్క గుద్దుతో లూయిస్‌ని పడగొట్టాడు. కొత్త ఛాంపియన్ రెహమాన్‌కి మళ్ళీ లూయిస్‌తో దిగాలని లేదు, ప్రమోటర్‌ని మార్చి వేరే ఫైట్ చూసుకుంటున్నాడు. లూయిస్ ఆ నిబంధన పట్టుకుని న్యూయార్క్ కోర్టుకి వెళ్ళాడు, గెలిచాడు. నవంబర్‌లో రీమ్యాచ్, నాలుగో రౌండ్లో రెహమాన్ నాకౌట్. అంటే ఇక్కడ కోర్టు పటియాలా మహారాజు పని చేసిందన్నమాట.

రెండేళ్ళకి, 2003 జూన్‌లో, అదే లూయిస్ విటాలీ క్లిచ్కోతో తలపడ్డాడు. ఆరు రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ క్లిచ్కోనే ముందున్నాడు. కానీ కంటి దగ్గర చీలిన గాయాలు చూసి డాక్టర్ ఆపించాడు, లూయిస్ గెలిచినట్టయింది. ప్రపంచమంతా రీమ్యాచ్ అడిగింది. లూయిస్ కొన్నాళ్ళు నాన్చి 2004 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. తను ఓడినప్పుడు కోర్టుకెక్కి మరీ సాధించుకున్నదాన్ని తను గెలిచినప్పుడు ఇవ్వలేదు.  తప్పంటారా? నేనైతే తప్పు అనలేను, నచ్చింది అని కూడా అనలేను.

హాగ్లర్ సంగతి ఇంకా చేదు. 1987 ఏప్రిల్‌లో మార్విన్ హాగ్లర్, షుగర్ రే లెనార్డ్‌ల ఫైట్ కుదిరినప్పుడు హాగ్లర్‌కి డబ్బు ఎక్కువ కావాలి, వచ్చింది కూడా. ఆ తేడా వదులుకుని లెనార్డ్ వేరేవి అడిగాడు: పదిహేను రౌండ్లు కాదు పన్నెండే, పెద్ద రింగ్, బరువైన గ్లోవ్స్. కాళ్ళతో తిరుగుతూ ఆడేవాడికి ఏం కావాలో సరిగ్గా అవే. జోడ్ కట్టడంలోనే సగం గెలిచాడు. ఇద్దరు జడ్జీలు లెనార్డ్ వైపు, ఒకడు హాగ్లర్ వైపు. హాగ్లర్ రీమ్యాచ్ కోసం ఏడాది పైగా ఎదురుచూసి, విసిగి, 1988లో ఆట మానేసి ఇటలీ వెళ్ళిపోయాడు. మళ్ళీ రింగ్‌లోకి రాలేదు. ఆ రాత్రి ఎవరు గెలిచారని ఇవాళ్టికీ కొట్టుకుంటూనే ఉంటారు.

ఇంకో రకం ఉంది, ఊరబెట్టడం. ఆవకాయలాగా. మేవెదర్, పకియావ్ మధ్య మాటలు 2009లో మొదలయ్యాయి. రక్తపరీక్షల దగ్గర ఒకసారి, వాటాల దగ్గర ఒకసారి చెడిపోయి చివరికి 2015 మే 2న జరిగింది. ఒక్క అమెరికాలోనే 46 లక్షల ఇళ్ళు డబ్బు కట్టి చూశాయి, ఒక్కో ఇల్లు సుమారు వంద డాలర్లు. ఫైట్ మాత్రం చప్పగా ఉంది. మరీ ఊరితే ముక్క మెత్తబడుతుంది, ఇద్దరి వయసూ దాటిపోయింది.

ఇంతవరకూ డబ్బున్న చోట. డబ్బు లేని ఒలింపిక్ బాక్సింగ్‌లో ఈ గోల ఉండకూడదు కదా? ప్రమోటర్ లేడు, టీవీ వాటా లేదు, సమాఖ్య ఉంది, ట్రయల్స్ పెడుతుంది, గెలిచినవాళ్ళు దేశం తరఫున వెళ్తారు. అలా అనుకున్నవాళ్ళకి మన నిజామాబాద్ అమ్మాయి కథ చెప్పాలి.

నిఖత్ జరీన్ 1996లో పుట్టింది. 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. విశాఖపట్నం సాయ్ కేంద్రంలో నేర్చుకుంది, హైదరాబాద్ ఏవీ కాలేజీలో చదివింది. 2017లో భుజం జారి ఏడాది పాటు ఆటకి దూరమైంది. కోలుకుని 51 కిలోల్లో నిలదొక్కుకుంటున్న సమయంలో, టోక్యో ఒలింపిక్స్‌లో 48 కిలోల విభాగం లేదు కాబట్టి, మేరీ కోమ్ ఆ బరువుకి వచ్చింది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, లండన్ కాంస్యం, దేశంలో బాక్సింగ్ అంటేనే మేరీ. 2019 మేలో గువాహటిలో ఇండియా ఓపెన్ సెమీస్‌లో ఇద్దరూ తలపడ్డారు, మేరీ గెలిచింది.

అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ పోటీలకి ట్రయల్స్ పెట్టలేదు. ఈ మధ్య బాగా ఆడిందని మేరీని నేరుగా ఎంపిక చేశారు. నిఖత్ ట్రయల్ అడిగితే కుదరదన్నారు. సరే, మేరీ వెళ్ళింది, రష్యాలో కాంస్యం తెచ్చింది. ముందు చెప్పిన పద్ధతి ప్రకారం స్వర్ణమో రజతమో వస్తేనే ఒలింపిక్ అర్హత పోటీకి నేరుగా పంపాలి. కాంస్యం వచ్చాక కూడా మేరీనే పంపుదామన్న మాట సమాఖ్య పెద్దల నోట వచ్చింది. ఇక్కడ గమనించండి, మేరీ ఏం తప్పు చేసిందని నేననను. గెలిచినవాళ్ళందరి లెక్కే ఆమెదీ. మరీ ముప్పై ఆరేళ్ళ వయసులో ప్రతి అదనపు ఫైట్ శరీరం మీద అప్పే. కానీ సమాఖ్య లెక్క ఎందుకలా ఉండాలి? పటియాలా మహారాజు కుర్చీలో కూర్చోవాల్సిన సంస్థ ఛాంపియన్ మేనేజర్‌లా మాట్లాడింది. నా కోపమంతా అక్కడ.

2019 అక్టోబర్‌లో నిఖత్ క్రీడామంత్రి కిరణ్ రిజిజుకి బహిరంగ లేఖ రాసింది. ఇరవై మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీల్లో ఈదాల్సిందే కదా, మాకెందుకు వేరే పద్ధతి అన్నది దాని సారాంశం. ఇరవై మూడేళ్ళ అమ్మాయి, ప్రపంచ టైటిల్ ఇంకా లేదు, వెనక పెద్ద పేర్లేం లేవు. అడిగింది మేరీ స్థానం కాదు, మేరీతో ఒక్క ఫైట్. మేరీ అయితే అసలు ఎవరీ నిఖత్ అంది. షూటర్ అభినవ్ బింద్రా నిఖత్ వైపు మాట్లాడితే బాక్సింగ్ సంగతి నీకెందుకు అని ఆయనకీ తగిలించింది. ఆ రోజుల్లో మా ఆఫీసులో కూడా రెండు వర్గాలు. ఎక్కువమంది మేరీ వైపే, సినిమా చూసిన ప్రభావం :)

చివరికి సమాఖ్య దిగొచ్చి ట్రయల్స్ పెట్టింది. 2019 డిసెంబర్ 28న ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో ఫైనల్. మేరీ 9-1 తేడాతో గెలిచింది. తెలంగాణ సంఘం వైపు నుంచి రింగ్ పక్కనే నిరసనలు, కేకలు. నిఖత్ చేయి చాపితే మేరీ చేయి కలపలేదు. తాలీంలో అయితే కుస్తీకి ముందూ తర్వాతా చేయి కలపకపోతే ఉస్తాద్ చెంప పగులుతుంది. అది వేరే సంగతి.

ఓడింది కదా, మరి ఈ గోలంతా దేనికి అన్నారు చాలామంది. ఈ మాటతోనే నాకు పేచీ. అడిగింది గెలుపు కాదు, జోడ్. అది దొరికింది, ఓడింది, ఇంటికెళ్ళింది. మేరీ కూడా టోక్యోకి సమాఖ్య దయతో కాకుండా బరిలో గెలిచి వెళ్ళింది. ఆ ట్రయల్ వల్ల ఎక్కువ మేలు జరిగింది మేరీకేనేమో అని కూడా నాకనిపిస్తుంది. ట్రయల్ లేకుండా వెళ్ళి 2021 జూలైలో ప్రీ-క్వార్టర్స్‌లో వలెన్సియా చేతిలో 3-2తో ఓడుంటే ఏమనేవాళ్ళో ఊహించుకోండి.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది, ఫైనల్లో 5-0. 2023లో ఢిల్లీలో మళ్ళీ. మేరీతో ఇంకో ఫైట్ ఉంటుందా అని అడిగినవాళ్ళున్నారు. 2022 జూన్‌లో కామన్వెల్త్ ట్రయల్స్‌కి మేరీ 48 కిలోల్లో దిగింది, నిఖత్ 50లో. అందులోనే మేరీ మోకాలు తిరిగి పక్కకి తప్పుకుంది. నలభై దాటితే ఈ ఆటలో పోటీకి అర్హత లేదు, కాబట్టి ఆ జోడ్ మళ్ళీ కుదిరే దారి మూసుకుపోయింది.

2021లో లవ్లీనాని ట్రయల్ లేకుండా ప్రపంచ పోటీలకి ఎంపిక చేస్తే అరుంధతి చౌధరి ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. ఉత్తరం రాసే దశ దాటి లూయిస్ దారి పట్టిందన్నమాట. 2023 ఆసియా క్రీడలకైతే ప్రపంచ పోటీల్లో స్వర్ణమో రజతమో తెచ్చినవాళ్ళకి నేరుగా చోటు అన్నారు, ఆ లెక్కన ట్రయల్ లేకుండా వెళ్ళినవాళ్ళలో నిఖత్ కూడా ఉంది. దీన్ని పట్టుకుని వెక్కిరించినవాళ్ళు నాకు తెలుసు. నా వరకు తేడా ఉంది, ఆ నియమం పోటీకి ముందు చెప్పింది, పతకం వచ్చాక మార్చింది కాదు. కాకపోతే 50 కిలోల్లో ఆ ఏడు చోటు కోసం చూసిన మిగతా అమ్మాయిల్లో ఎవరైనా ఉత్తరం రాసి ఉంటే, నిఖత్ 2019లో రాసినదానికి పెద్దగా తేడా ఉండేది కాదు.